విడిపోయిన అవ్వకు నెల గడిచేదెలా?

మేడ్చల్, శామీర్‌పేట: అరవై దాటిన ఆడమనిషి భర్త నుంచి విడిపోయిందని తెలియగానే ఊళ్లో మొదట వినిపించే మాట ‘ఈ వయసుల ఇదేం బుద్ధి’ అని. ‘నెల ఎట్ల గడుస్తది అవ్వా’ అని అడిగేవారు తక్కువ. ఆమెకు రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వనిది మాత్రం ఆ రెండో ప్రశ్నే. నలభై ఏళ్ల సంసారంలో ఇంటికి ఎంత పప్పు కావాలో, ఎంత నూనె పడుతుందో ఆమెకు కొట్టిన పిండి. బ్యాంకులో ఎంత ఉందో, ఇల్లు ఎవరి పేరున ఉందో, గ్యాసు పుస్తకం ఎవరిదో అడిగితే చాలామంది నోట మాట రాదు. అదంతా ‘ఆయన’ చూసుకునేవాడు.

ఈ రెండు మండలాల్లో ఇప్పుడు మనవలనెత్తిన ఆడవారు వయసులో ఉన్నప్పుడు చుట్టుపక్కల ద్రాక్ష తోటలుండేవి. అనాబ్-ఎ-షాహి పందిళ్ల కింద కత్తిరింపులకూ, గుత్తుల కోతకూ కూలికి పోయినవారు ఎందరో. పాలు, కూరగాయలు సికింద్రాబాద్ చేర్చి అమ్ముకున్నవారూ ఉన్నారు. ఆ కూలికి ప్రావిడెంట్ ఫండు లేదు. ఆ అమ్మకానికి పద్దు పుస్తకం లేదు. తర్వాత తోటలు పోయి వెంచర్లు వచ్చాయి. ఔటర్ రింగు రోడ్డు మేడ్చల్ దగ్గరా, శామీర్‌పేట దగ్గరా దిగింది. భూమి ధర ఎక్కడికో పోయింది. పాసు పుస్తకంలో ఆడవారి పేరున్న భూమి తక్కువ గనుక, అమ్మినప్పుడు వచ్చిన సొమ్ము కూడా ఎక్కువగా మగవారి ఖాతాలోకే వెళ్లింది. ముసలితనంలో విడాకులు ఇక్కడ మనసుకు సంబంధించిన సంగతి ఎంతో, లెక్కకు సంబంధించిన సంగతీ అంతే.

‘ఇడుపు కాయితం’తో తెగేది కాదు

పల్లెల్లో భార్యాభర్తల తగవు ముందు పెద్దమనుషుల దగ్గరికే వెళ్తుంది. రచ్చబండ మీద మాట్లాడి, ఇంత సొమ్ము ఇప్పించి, స్టాంపు కాగితం మీద ఇద్దరి చేత సంతకాలో వేలిముద్రలో వేయిస్తారు. దాన్నే ఇడుపు కాయితం అంటారు. కులాచారం ప్రకారం జరిగే విడాకులను హిందూ వివాహ చట్టం (1955) తోసిపుచ్చలేదు. కాని అలాంటి ఆచారం ఆ కులంలో నిజంగా ఉందని, తరతరాలుగా నడుస్తోందని కోర్టులో రుజువు చేయవలసిన బాధ్యత ఆ మాట చెప్పేవారి మీదే ఉంటుంది. రుజువు కాకపోతే ఆ కాగితానికి విలువ లేదు. ఇద్దరూ ఇష్టపడి విడాకులు తీసుకునే వీలును 1976లోనే చట్టంలో చేర్చారు. దానికీ కోర్టు మెట్లు ఎక్కవలసిందే.

పెద్దమనుషుల కాగితంలో ఒక వాక్యం తరచు ఉంటుంది: ‘మేమిద్దరం మా ఇష్టపూర్వకంగా వేరువేరుగా ఉంటున్నాము’ అని. చూడటానికి సాధువుగా ఉన్న ఈ వాక్యమే అవ్వ నోటి దగ్గర కూడు తీయగలదు. విడాకులు లేకుండా, పరస్పర అంగీకారంతో విడిగా ఉంటున్న భార్యకు మనోవర్తి ఇవ్వనక్కరలేదని చట్టంలో ఉంది. కోర్టు ద్వారా పరస్పర అంగీకారంతో విడాకులు పొందిన స్త్రీకి ఆ అడ్డంకి లేదని 1995లో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే కోర్టులో తెగతెంపులు చేసుకున్నామె మనోవర్తి అడగవచ్చు, ఊళ్లో కాగితం రాసుకున్నామెకు ఆ కాగితమే అడ్డు పడవచ్చు. చదవని కాగితం మీద వేలిముద్ర వేయవద్దని చెప్పేది ఇందుకే.

విడాకుల వల్ల పోయేవి కూడా ముందే తెలుసుకోవాలి. భర్త వీలునామా రాయకుండా మరణిస్తే పిల్లలతో సమానంగా వితంతువుకు వాటా వస్తుంది. విడాకులు తీసుకున్నామె వితంతువు కాదు, ఆ వాటా ఆమెకు రాదు. ఆయన ప్రభుత్వ ఉద్యోగి అయితే కుటుంబ పింఛను సంగతీ అంతే. పిల్లల వాటా మాత్రం ఎక్కడికీ పోదు. మాజీ భర్త ఆస్తిలో కొడుకులకూ, కూతుళ్లకూ హక్కు యథాతథంగా ఉంటుంది. కాబట్టి విడాకులు తీసుకునేటప్పుడే ఇల్లో, స్థలమో, ఏకమొత్తమో తన పేరున రాయించుకోవడం అవ్వకు అవసరం. వేరుగా ఉంటే చాలు, విడాకులు అక్కరలేదనుకునేవారు ఉన్నారు. కొట్టే తిట్టే మనిషి నుంచి బయటపడితే చాలు, వాటా పోయినా సరే అనుకునేవారూ ఉన్నారు. రెండూ తప్పని చెప్పలేం. తెలిసి నిర్ణయించుకోవడం వేరు, తెలియక సంతకం పెట్టడం వేరు.

పాతిక రూపాయల తీర్పు

ఈ దేశంలో వృద్ధురాలి మనోవర్తి గురించి అందరికీ తెలిసిన కేసు ఇందోర్‌కు చెందిన షాబానో బేగంది. 1932లో పెళ్లి. ఐదుగురు పిల్లలు. భర్త న్యాయవాది. 1975లో ఆమెను ఇంటి నుంచి వెళ్లగొట్టాడు. 1978 ఏప్రిల్‌లో నెలకు 500 రూపాయలు ఇప్పించాలని ఆమె కోర్టుకు వెళ్లింది. అదే ఏడాది నవంబరులో ఆయన తలాక్ చెప్పాడు. అప్పటికి ఆమె వయసు అరవై దాటింది. కింది కోర్టు 1979లో నెలకు 25 రూపాయలు ఇమ్మంది. పాతిక రూపాయలు! హైకోర్టు 1980లో దాన్ని 179 రూపాయల 20 పైసలు చేసింది. ఆ మాత్రం కూడా ఇవ్వనని భర్త సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. 1985 ఏప్రిల్ 23న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆయన అప్పీలును కొట్టేసింది.

ఆ తర్వాత జరిగిన రాద్ధాంతం, 1986లో వచ్చిన కొత్త చట్టం అందరికీ తెలిసినవే. దేశమంతా ఆ తీర్పు గురించి వాదించుకుంది గాని, 179 రూపాయలతో ఒక ముసలావిడ నెలంతా ఏం వండుకు తింటుందని లెక్క వేసినవారు తక్కువ.

ఇదే విషయం మళ్లీ తెలంగాణ నుంచే సుప్రీంకోర్టుకు వెళ్లింది. విడాకులైన ముస్లిం మహిళకు నెలకు 20 వేలు మధ్యంతర మనోవర్తి ఇమ్మని కుటుంబ న్యాయస్థానం అంది. హైకోర్టు దాన్ని 10 వేలకు తగ్గించింది. మహిళ ఏ మతస్థురాలైనా 125వ సెక్షను కింద మనోవర్తి అడగవచ్చని 2024 జూలై 10న సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆ తీర్పులో జస్టిస్ బి.వి. నాగరత్న ఇంటిపట్టున ఉండే ఆడవారి సంగతి కూడా ప్రస్తావించారు. భర్త తన సొమ్ములో భార్యకు భాగం కల్పించాలని, ఉమ్మడి ఖాతా, ఏటీఎం వంటివి ఆమె చేతికి అందేలా చూడాలని రాశారు. మన ఊళ్లల్లో ఎన్ని ఇళ్లలో ఏటీఎం కార్డు ఇల్లాలి దగ్గర ఉంటుందో ఎవరింటి సంగతి వారు చూసుకోవచ్చు.

125వ సెక్షను ఉన్న పాత నేరశిక్షాస్మృతి స్థానంలో 2024 జూలై 1 నుంచి కొత్త చట్టం వచ్చింది. అందులో ఇది 144వ సెక్షను. నెంబరు మారినా సారం అదే. తిరిగి పెళ్లి చేసుకోని విడాకుల భార్య కూడా ‘భార్య’ కిందికే వస్తుంది. మనోవర్తిని దరఖాస్తు పెట్టిన తేదీ నుంచే లెక్కగట్టాలని 2020 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఒకప్పుడు ఈ సెక్షను కింద నెలకు 500 రూపాయలకు మించి ఇప్పించే వీలు లేదు. ఆ పరిమితిని 2001లో ఎత్తేశారు.

పుస్తకాలన్నీ ఆయన పేరునే

కోర్టు సంగతి ఎప్పటికో తేలుతుంది. రేషను షాపుకు మాత్రం నెలనెలా పోవాలి. విడిపోయిన అవ్వకు మొదటి చిక్కు అక్కడే. కార్డు భర్త పేరున ఉంటుంది, లేదా కొడుకు కార్డులో ఆమె ఒక పేరుగా ఉంటుంది. 2025 ఉగాది నుంచి రాష్ట్రంలో కార్డులో ఉన్న ఒక్కొక్కరికి నెలకు 6 కిలోల సన్నబియ్యం ఉచితంగా ఇస్తున్నారు. పేరు ఎక్కడ ఉంటే బియ్యం అక్కడికే పోతుంది. ఆమె ఒకచోట వండుకుంటుంటే ఆమె బియ్యం ఇంకొక ఇంట్లో ఉడుకుతాయి. పాత కార్డులో పేరు తీయించి, కొత్త కార్డుకు మీసేవలో దరఖాస్తు పెట్టుకోవడం ఆమె చేయవలసిన మొదటి పని.

కార్డు విడిపోతే బియ్యం ఒక్కటే కాదు, ఇంకా చాలా కదులుతాయి. రాష్ట్రంలో 2024 నుంచి అమలైన 500 రూపాయల గ్యాసు, 200 యూనిట్ల లోపు ఉచిత కరెంటు రెండూ రేషను కార్డుతో ముడిపడినవే. గ్యాసులో మరో మెలిక ఉంది. బండ తీసుకునేటప్పుడు పూర్తి ధర కట్టాలి, 500 పోను మిగతాది బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఎవరి ఖాతాలో? కనెక్షను ఎవరి పేరున ఉంటే వారి ఖాతాలో. అవ్వ డబ్బు కట్టి బండ తెచ్చుకుంటే రాయితీ తాత ఖాతాలో పడే విచిత్రం ఇక్కడే జరుగుతుంది.

వృద్ధాప్య పింఛనుకూ కార్డే మూలం. ఒక కుటుంబంలో ఒకరికే అన్న నిబంధన వల్ల తాతకు పింఛను వస్తుంటే అదే కార్డులో ఉన్న అవ్వకు రాదు. ఆసరా పింఛన్లు 2014 నవంబరులో నెలకు 1,000 రూపాయలతో మొదలై, 2019లో 2,016 రూపాయలయ్యాయి. వృద్ధాప్య పింఛను వయసును తర్వాత 57 ఏళ్లకు తగ్గించారు. ఆ వయసు రాని వారికి మరో దారి ఉంది. ఒంటరి మహిళల పింఛను 2017 జూన్‌లో మొదలైంది. విడాకులు పొందినవారే గాక, భర్తతో విడిపోయి ఏడాది దాటినవారూ దీనికి అర్హులు. కుటుంబ ఆదాయం పల్లెల్లో ఏడాదికి లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షలు దాటకూడదు. ఒకరికి ఒకే పింఛను. ఈ రెండు మండలాల్లో పంచాయతీలు కొన్ని మున్సిపాలిటీల్లో కలిశాయి కాబట్టి, మీ ఊరు ఇప్పుడు ఏ లెక్కలోకి వస్తుందో దరఖాస్తుకు ముందే అడిగి తెలుసుకోవడం మంచిది.

బ్యాంకు పుస్తకంలో నామినీ పేరు కూడా చూడాలి. విడాకులై ఏళ్లు గడిచినా ఆ గడిలో మాజీ భర్త పేరే ఉండిపోతుంది. మార్చడానికి ఒక్క ఫారం చాలు.

ఒక నెల లెక్క

లెక్క కోసం ఒక అవ్వను ఊహించుకుందాం. ఉండటానికి సొంత గది ఒకటి ఉంది. పింఛను 2,016 వస్తుంది. కోర్టు చెప్పిన మనోవర్తి నెలకు 3,000 అనుకుందాం. మొత్తం 5,016. బియ్యం, కరెంటు, బస్సు చార్జీ లేవు. పప్పు, నూనె, పాలు, కూరగాయలు కలిపి 2,000. మందులు 700. రెండు నెలలకు ఒక గ్యాసు బండ చొప్పున నెలకు 250. సబ్బులు, చాయపత్తి, చక్కెర వగైరా 300. ఫోను 200. మహిళా సంఘంలో పొదుపు 200. అంతా కలిపి 3,650. చేతిలో మిగిలేది 1,366 రూపాయలు. ధరలు ఊరినిబట్టి కొంచెం అటూ ఇటూ కావచ్చు. గది అద్దెదైతే ఈ మిగులు మొత్తం దానికే సరిపోదు.

ఇప్పుడు ఆ నెల మనోవర్తి రాలేదనుకోండి. వచ్చింది 2,016, అయిన ఖర్చు 3,650. లోటు 1,634. మిగులు 1,366 అనుకున్న చోట లోటు 1,634. అప్పు కిరాణం కొట్టులో మొదలవుతుంది. రెండు నెలలు వరుసగా రాకపోతే చెవి కమ్మలు తాకట్టుకు పోతాయి. చాలామంది అవ్వల బతుకు ఈ రెండు అంకెల మధ్యనే ఊగుతుంది. అందుకే మనోవర్తి సరిగ్గా వచ్చిన నెలల్లో మిగిలిన సొమ్మును మనవలకు బట్టలని, అల్లుడికి మర్యాదలని తీయకుండా కనీసం ఒక నెల ఖర్చు, అంటే ఆ 3,650, విడిగా పోస్టాఫీసు పుస్తకంలో నిలిపి ఉంచాలి. ఆ తర్వాతే మిగతా ముచ్చట్లు.

మరొక్క మాట అందరికీ తెలియాలి. మనోవర్తి బాకీ పడితే వసూలుకు మేజిస్ట్రేట్ వారంటు ఇస్తారు, అయినా కట్టకపోతే జైలుకూ పంపవచ్చు. కాని బాకీ పడిన తేదీ నుంచి ఏడాది లోపు దరఖాస్తు పెట్టుకోవాలి. ఏడాది దాటిన బాకీకి ఆ వారంటు రాదు. ‘పెద్దమనిషి, ఇస్తడులే’ అని రెండేళ్లు ఊరుకున్న అవ్వకు మొదటి ఏడాది సొమ్ము ఆ దారిలో దక్కనట్లే. మనవరాలి పాత నోటు పుస్తకం ఒకటి తీసుకుని ఏ నెల ఎంత వచ్చింది, ఏ తేదీన వచ్చింది, ఏ నెల రాలేదు అని రాయించి పెట్టుకుంటే కోర్టులో అదే అక్కరకొస్తుంది. చేతికి తీసుకోవడం కంటే బ్యాంకు ఖాతాలో వేయించుకోవడం ఇంకా మేలు.

ఏకమొత్తంగా సొమ్ము వచ్చినవారి కష్టం వేరు. చేతిలో మూడు లక్షలు ఉన్నాయని తెలిస్తే చాలు, ఇంటిముందు చెప్పులు పెరుగుతాయి. కొడుకు ఆటో అంటాడు, తమ్ముడు ప్లాటు అంటాడు, పక్కింటామె చిట్టీ అంటుంది. అరవై దాటినవారికి పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్స్ పొదుపు పథకం ఉంది. దానిపై వడ్డీని 2023 ఏప్రిల్‌లో 8.2 శాతానికి పెంచారు. ఆ రేటున మూడు లక్షలు వేస్తే ఏడాదికి 24,600 రూపాయలు, మూడు నెలలకోసారి 6,150 చొప్పున వస్తాయి. నెలకు చూస్తే 2,050. అంటే అసలు కదలకుండా ఇంకొక పింఛను వచ్చినట్లు. గడువు ఐదేళ్లు. కొత్తగా వేసేవారికి రేటు ఎంతో పోస్టాఫీసులో అడగాలి, వేసిన తర్వాత మాత్రం ఆ గడువు దాకా అదే రేటు. రిజిస్టరు కాని చిట్టీ ఎంత తెలిసినవారిదైనా దీనితో పోల్చదగింది కాదు.

మందుల ఖర్చు ఎంతో కొంత తగ్గించుకోవచ్చు. బీపీ, షుగరు మాత్రలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా ఇస్తారు. పెద్ద జబ్బులకు ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. అదే నెల 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవారికి టికెట్ లేదు. మేడ్చల్ నుంచి గాంధీ ఆస్పత్రికి పోయి రావడం ఇప్పుడు అవ్వకు పైసా ఖర్చు కాదు. బిడ్డ ఇంటికి పోవాలంటే చార్జీకి ఒకరి ముందు చేయి చాపనక్కరలేదు. ఈ ఒక్కటి బడ్జెట్టులో కనిపించే అంకె కంటే పెద్దది.

పుట్టింటి సంతకం

మేడ్చల్, శామీర్‌పేట ఊళ్లల్లో అరవై ఏళ్ల ఆడపడుచులకు ఈమధ్య అన్నదమ్ములు గుర్తుపెట్టుకుని కబురు చేస్తున్నారు. పండుగకు కాదు, సంతకానికి. తాతల భూమి అమ్మాలంటే కొనేవారు ఆడపడుచుల సంతకాలు కూడా కావాలంటున్నారు. చీర పెట్టి, బొట్టు పెట్టి, రిజిస్ట్రేషన్ ఆఫీసుకు తీసుకుపోతారు.

ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు సమాన హక్కు ఇస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది. అప్పటికే పెళ్లయినవారికి అది వర్తించలేదు. ఇప్పటి అవ్వల్లో చాలామంది అలా తప్పిపోయినవారే. 2005 సెప్టెంబరు 9న అమలైన కేంద్ర సవరణ ఆ భేదం తీసేసింది. పెళ్లయినా కాకపోయినా కూతురికి కొడుకుతో సమాన హక్కు. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు పత్రంతోనో, కోర్టు డిక్రీతోనో పంపకాలు జరిగిపోయిన ఆస్తికి మాత్రం ఇది వర్తించదు. 2005 నాటికి తండ్రి బతికి ఉండాలన్న నియమం లేదని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు చెప్పడంతో అందరి సందేహమూ తీరింది.

విడిపోయిన అవ్వకు ఇదొక్కటే చివరి ఆధారం కావచ్చు. అన్నదమ్ములతో కోర్టుకెక్కాలని ఎవరూ కోరుకోరు. పుట్టింటి గడప కూడా పోతే ఇంక వెళ్లేదెక్కడికి అన్న భయం ఆమెది. ఆ భయం అబద్ధం కాదు. అయితే హక్కు వదులుకునే పత్రం మీద ఒకసారి సంతకం పెట్టాక తిరిగి రాబట్టుకోవడం చాలా కష్టం. ఎంత భూమి, ఎంతకు అమ్ముతున్నారు, తనకెంత ఇస్తున్నారు అని అడిగి, ఆ సొమ్ము తన ఖాతాలో పడ్డాక సంతకం పెడితే బంధుత్వానికి వచ్చిన నష్టమేమీ లేదు.

కొడుకు పేరున ఇల్లు రాసేటప్పుడూ అంతే జాగ్రత్త కావాలి. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం 2007లో వచ్చింది. తనను చూసుకోవాలన్న షరతుతో రాసిచ్చిన ఆస్తిని, ఆ షరతు తప్పితే తిరిగి తీసుకునే వీలు ఆ చట్టంలో ఉంది. మధ్యప్రదేశ్‌లో ఒక తల్లి 2019లో కొడుక్కు దాన పత్రం రాసి, తర్వాత నిరాదరణకు గురై పోరాడితే, సుప్రీంకోర్టు 2025 జనవరి 2న ఆ దానాన్ని రద్దు చేసింది. షరతును పత్రంలోనే రాయిస్తే ఇంత దూరం పోవలసిన పని ఉండదు. ఈ చట్టం కింద కొడుకులు, కూతుళ్ల నుంచి నెలకు 10 వేల దాకా పోషణ అడగవచ్చు. దరఖాస్తును ఆర్డీవో స్థాయి అధికారి ఉన్న ట్రిబ్యునల్ విచారిస్తుంది. వకీలు అక్కరలేదు.

మనవల లెక్క వేరు

జీనోమ్ వ్యాలీ కంపెనీల్లోనో, నగరంలోనో కూతురూ అల్లుడూ ఇద్దరూ ఉద్యోగాలకు పోతుంటే పిల్లలను చూసేది అమ్మమ్మే. పొద్దున టిఫిను డబ్బా, మధ్యాహ్నం బడి బస్సు, సాయంత్రం హోంవర్కు. విడాకులైన అమ్మమ్మ ఒంటరిగా ఉంది కదా అని ఈ పని ఆమె మీద ఇంకా ఎక్కువ పడుతుంది. ‘మా దగ్గరే ఉంది, తింటోంది’ అని అల్లుడు అనుకుంటాడు. పిల్లలను చూసేందుకు బయటి మనిషిని పెట్టుకుంటే నెలకు ఎంతవుతుందో ఆయనకూ తెలుసు. తల్లికి జీతమిస్తామా అని కూతుళ్లు నొచ్చుకుంటారు. జీతమనక్కరలేదు, నెలనెలా ఆమె ఖాతాలో ఇంత వేస్తే చాలు. మనవడికి ఐస్‌క్రీము కొనిపెట్టడానికి కూడా అల్లుడి జేబు వైపు చూసే అమ్మమ్మ పరిస్థితి ఎవరికీ గౌరవం కాదు.

పండుగలూ, శుభకార్యాలూ ఇంకో పరీక్ష. మనవరాలి ఓణీల ఫంక్షనుకు, పెళ్లికి తాత కూడా వస్తాడు. ఆహ్వాన పత్రికలో ఇద్దరి పేర్లు పక్కపక్కన వేయాలా, వద్దా? ఒడిబియ్యం ఎవరు పోయాలి? విడాకులైనామె బొట్టు పెట్టుకుని ముందు వరసలో నిలబడితే చెవులు కొరుక్కునేవారుంటారు. భర్త ఎక్కడో బతికే ఉన్నాడు, ఈమె ఎవరికీ అపశకునం కాదు. ఆ మాటకొస్తే భర్త పోయినామె మాత్రం ఎందుకు కావాలి? బతుకమ్మ ఆడేటప్పుడు చప్పట్లలో ఎవరి చేయి ఏదో ఎవరూ చూడరు, పెళ్లి పందిట్లో ఎందుకు చూడాలో తెలియదు.

పిల్లల ముందు మాత్రం జాగ్రత్త అవసరం. తాత ఇచ్చిన సైకిలుకు పోటీగా అవ్వ అప్పు చేసి గొలుసు కొనడం, ‘మీ తాత ఇట్లాంటోడు’ అని పిల్లలకు నూరిపోయడం చాలా ఇళ్లలో నడుస్తున్నవే. ఆ గొలుసు అప్పు తీరడానికి పైన చెప్పిన మిగులు, నెలకు 1,366, ఎన్ని నెలలు పోవాలో వేసి చూసుకోవచ్చు. చదివింపుల విషయంలోనూ అవ్వ తన తాహతు ముందే బిడ్డలకు చెప్పేస్తే చాలావరకు అర్థం చేసుకుంటారు. ఇంత పెడతానని మాటిచ్చి చివరి వారంలో తాకట్టు కొట్టుకు పరుగెత్తడం కంటే అది నయం.

ఎక్కడికి వెళ్లాలి

దేశంలో పేరున్న నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం శామీర్‌పేటలోనే ఉంది. దాని గోడ పక్క ఊళ్లల్లోనే ఇంకా తెల్ల స్టాంపు కాగితాల మీద వేలిముద్రలు పడుతుండటం ఆలోచించవలసిన విషయం. న్యాయసేవల చట్టం (1987) ప్రకారం మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును పెట్టి ఇస్తారు. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వాలి. 15100 నెంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు. వృద్ధులకు 14567, ఇంట్లో హింస ఉన్న మహిళలకు 181 నెంబర్లు ఉన్నాయి.

రేషను కార్డు, పింఛను దరఖాస్తులు కదలకపోతే అంతాయిపల్లిలోని కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణిలో అర్జీ ఇవ్వవచ్చు. ఆధారు, బ్యాంకు పుస్తకం, పాత రేషను కార్డు, కోర్టు తీర్పు ఉంటే దాని నకలు, రెండేసి జిరాక్సులతో పట్టుకుపోవాలి. అర్జీ ఇచ్చాక రసీదు అడిగి తీసుకోవాలి. బస్సులో ఆధారు చూపి సున్నా టికెట్ తీసుకోవడం మరవద్దు.